కొండకెంపు ఊపిరి పోసుకున్న గడియ

రత్నకూట నగరానికి ఏడు ద్వారాలున్నాయి. వాటిలో తూర్పు ద్వారం అందం చూడాలంటే పొద్దు బారెడెక్కిన వేళే చూడాలి. ఇరువైపులా పాలరాతి ఏనుగులు, వాటి కళ్ళల్లో గుమ్మడికాయంతేసి పచ్చలు, ఎత్తిన తొండాల మీద మకరతోరణం, తోరణానికి వెయ్యిన్నొక్క వెండిగంటలు. గాలి వీచినప్పుడల్లా ఆ గంటలన్నీ ఒక్కసారిగా మోగుతాయి. కోటగోడ మీద నెమళ్ళు పురివిప్పుతాయి. కందకంలో బంగారు చేపలు ఎగిరెగిరి పడతాయి. కొత్తవాడు నోరు తెరుచుకుని నిలబడిపోతాడు, వెనకవాడు తోసేదాకా కదలడు.

ఆ వైశాఖ పున్నమి ఉదయం ద్వారం ముందు బారులు తీరిన జనంలో నోరు తెరవనివాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఒకామె రేచమ. అరవై ఏళ్ళ మనిషి. కంచరగాడిదను తోలడంలో ఆమెకు సాటి లేరు, ఆమె నోటికి జడవనివాళ్ళూ లేరు. రెండోవాడు ఆమె మేనల్లుడు మాచన. ద్రాక్షతోటలో పుట్టి, ద్రాక్షతీగలు కత్తిరిస్తూ పెరిగిన పాతికేళ్ళ వాడు. ఇద్దరూ ఊరగాయలమ్మేవాళ్ళ వేషం వేసుకున్నారు. గాడిద మీద ఆరు జాడీలున్నాయి. ఐదింటిలో ఉసిరికాయ ఊరగాయ. ఆరోది జాడీ కాదు. ఉప్పుమన్ను మందంగా మెత్తి జాడీలా కనబడేట్టు చేసిన కూజా. దానిలో ఉన్నది కుంకుమకొండ కెంపు.

కెంపు సంగతి చెప్పకుండా ఈ కథ ఒక్క అడుగు కూడా ముందుకు నడవదు. కుంకుమకొండ అంతా ఎర్రటి గులకరాయి. జొన్న వేస్తే మొలవదు, కంది వేస్తే మాడిపోతుంది. ఒక్క ద్రాక్షతీగ మాత్రం ఆ రాళ్ళ సందుల్లోంచి ఇరవై బారల లోతుకు వేరు దింపి, అక్కడున్న చెమ్మను వెతుక్కుని బతుకుతుంది. కాయ చిన్నది, తోలు మందం, రంగు నలుపు. దాన్ని తొక్కి, మాగబెట్టి, మైనం మూత వేసి, పన్నెండేళ్ళు నేలలో పాతిపెడితే అయ్యేది కెంపు. దీపానికి అడ్డం పెట్టి చూస్తే అవతల వెలుగు కనబడదు. మొదటి గుక్క కరక్కాయలా నాలుకను పట్టేస్తుంది. గుండె చాలనివాడు అక్కడే గిన్నె దించేస్తాడు. అలాంటివాడితో కెంపుకీ పనిలేదు. ఆగినవాడికి కాసేపటికి నేరేడుపండు తగులుతుంది, ఆపైన మిరియం, ఆపైన ఎక్కడో పొగ. చిట్టచివర, మింగేసిన చాలాసేపటికి, కాలిన రాతి మీద తొలివాన పడిన వాసన గొంతులోంచి పైకి వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడు కుంకుమకొండవాళ్ళు ఎక్కడున్నా సరే తల పైకెత్తుతారు.

ఆ తల ఎత్తడమే రత్నకూటం చక్రవర్తులకు మొదటినుంచీ గిట్టలేదు. కాని వాళ్ళ ముత్తాత రాగిరేకు మీద ఒక మాట రాసిచ్చి పోయాడు. కెంపుకు సాటి వచ్చే ఆసవం లోకంలో మరొకటి పుట్టనంతకాలం రత్నకూటం సైనికుడెవడూ కుంకుమకొండ మీద అడుగు పెట్టకూడదు. పన్నెండేళ్ళకొకసారి, వైశాఖ పున్నమి మిట్టమధ్యాహ్నం, కొండవాళ్ళు ఒక కూజా తెచ్చి కొలువులో పెట్టాలి. సాటి వస్తానన్నవాడు రావచ్చు. ఇన్నాళ్ళూ ఎవడూ రాలేదు. ఈసారి మాంత్రికుడు కరాళశంఖుడు వచ్చాడు.

వాడికి ద్రాక్ష మీద ప్రేమేమీ లేదు. కొండ కడుపులోని ఎర్రరాయి కావాలి. దాన్ని నూరి తాగితే వజ్రశరీరం వస్తుందట. పరీక్షలో గెలిస్తే కొండను నీకు రాసిస్తానని చక్రవర్తి విజయకీర్తి మాట ఇచ్చేశాడు. అంటే తోటలు పెరికేస్తారు, కొండను తవ్వేస్తారు, తలెత్తుకు తిరిగిన ఎనిమిది వందల మందిని గొలుసులు వేసి గనుల్లోకి దింపుతారు. మాచన తాత పోలన పన్నెండేళ్ళ కిందట, వానచుక్క పడని ఏట, కొండంతా వెతికి కోసిన కాయలతో నింపింది పన్నెండే పన్నెండు కూజాలు. వాటితో బయలుదేరిన బిడారు మీద కరాళశంఖుడు దారిపొడుగునా భూతాలను ఉసిగొల్పాడు. లోయలో తొమ్మిది పగిలాయి. వజ్రనది దాటుతుంటే రెండింటిని ఎత్తుకుపోయారు. మిగిలింది ఈ ఒక్కటే, మిగిలినవాళ్ళు ఈ ఇద్దరే.

మధ్యాహ్నానికి ఇంకా రెండు గడియలుందనగా వాళ్ళ వంతు వచ్చింది. ద్వారం కింద ఒక అరుగు, అరుగు మీద మైనం మూత పగలగొట్టిన కూజా, పక్కనే తేనె కాగు, నీళ్ళ కాగు ఉన్నాయి. మీసాల దళవాయి ఒకడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"చక్రవర్తిగారి దయ! లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళకీ ఒక గిన్నె కొండకెంపు! తేనె కలిపి, నీళ్ళు కలిపి, హాయిగా తాగి వెళ్ళండి!" అని అరుస్తున్నాడు.

రేచమకు ఒక్క క్షణంలో అర్థమైంది. కుంకుమకొండలో కెంపులో తేనెచుక్క కలపడమంటే తల్లిని తిట్టడంతో సమానం. ఆ గిన్నె ముందు మొహం మాడ్చినవాడు కొండవాడని తేలిపోతుంది. వేషాలు ఎన్ని వేసినా నాలుక వేషం వెయ్యదని కనిపెట్టాడు మాంత్రికుడు.

"ఒరే మాచా," అందామె పెదవి కదపకుండా, "ఇది వల. నవ్వుతా తాగల్ల. పానకమనుకో, మందనుకో, ఏమన్నా అనుకో. నీ పౌరుషం ఆ గాడిదకు మోయనిచ్చి నువ్వు తాగు."

"తాగుతాలే అత్తా. నేనేమన్నా పసిబిడ్డనా?"

రేచమ ముందు వెళ్ళింది. గిన్నె అందుకుని గటగటా తాగేసింది. "అబ్బబ్బ! పరమాన్నం మాదిరుండాది నాయనా. నువ్వు సల్లగుండాల," అంది. కళ్ళలో గిర్రున తిరిగిన నీళ్ళను పొలమారిందని చెప్పి కొంగుతో తుడుచుకుంది. గాడిదను పట్టుకుని పక్కకు నిలబడింది.

మాచన చెయ్యి చాచాడు. దళవాయి కూజాలోంచి గిన్నెలోకి వంచాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే మాచన దాన్ని గుర్తుపట్టాడు. ఇది వజ్రనది దగ్గర పోయిన కూజా. తాత చేతి కెంపు. ఆ ఏడు మండుటెండలో తాత ఒక్కో గుత్తినీ దోసిట్లో పెట్టుకుని దిగి రావడం వాడి కళ్ళ ముందు కనబడింది. అయినా వాడు పళ్ళు బిగించి నవ్వాడు. దళవాయి ఒక గరిటె తేనె పోశాడు. మాచన నవ్వుతూనే ఉన్నాడు. రెండో గరిటె పోశాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంతలో ఆ దౌర్భాగ్యుడు నోరు విప్పాడు.

"ఈ కొండమొద్దుల సారాకి ఇంత తేనె పడితేగాని మనిషి తాగేట్టుండదోయ్," అని మూడో గరిటె ఎత్తాడు.

ఆ గరిటె గిన్నెలో పడలేదు. గాల్లో గిరగిరా తిరిగి పాలరాతి ఏనుగు పచ్చకంటికి టంగున తగిలింది. దళవాయి మీసం మాచన పిడికిట్లో ఉంది.

"ఇంగొక్క సుక్క దాంట్లో పోసినావంటే చెయ్యి ఇరగ్గొడతా! పన్నెండేండ్లు నేలకింద తపస్సు చేసిందిరా అది! నీకు పానకం కావాలంటే పానకాల అంగడికి పో!"

జనమంతా రేచమ వైపు తిరిగారు.

"నా మొగుడి తరపు సుట్టం గూడా కాదు నాయనా," అంది రేచమ పక్కవాళ్ళతో. "దావలో తగులుకున్నాడు."

"కొండవాడు! పట్టుకోండి!" అని దళవాయి కేకపెట్టాడు. నలభైమంది భటులు కత్తులు దూశారు. మాచన అరుగెక్కి, అరుగు మీంచి ఏనుగు తొండమెక్కి, తొండం మీంచి తోరణమెక్కి, వెండిగంటల తాడు పట్టుకుని ఊగి కోటలోపలికి దూకాడు. వెయ్యిన్నొక్క గంటలూ గొల్లుమన్నాయి. నెమళ్ళు లేచిపోయాయి. వాడు రంగులద్దేవాళ్ళ వీధిలో పడి, ఆరేసిన చీరల మధ్య దూరి పసుపుపచ్చగా బయటికొచ్చి, మరో వరసలో దూరి నీలంగా బయటికొచ్చాడు. గుర్రపుసాల కప్పు మీద పరుగెత్తాడు. అంబారీ ఏనుగు పొట్ట కింద నుంచి దొర్లాడు. పూలబజారులో తట్టలు బోర్లాపడి, వెంటపడిన భటులు మోకాలిలోతు మల్లెపూలలో జారిపడ్డారు. చివరికి రాజభవనం మెట్ల మీద పైనుంచి ఇనుపవల పడేసరికి మాచన చిక్కాడు.

ఈ సంబరంలో తూర్పు ద్వారం దగ్గర ఒక్క భటుడూ మిగల్లేదు. రేచమ గాడిద చెవిలో ఏదో చెప్పింది. అది తాపీగా తోరణం కింద నుంచి లోపలికి నడిచింది.

రత్నకూటం కొలువుకూటం వర్ణించడానికి వెయ్యి నాలుకలు చాలవంటారు. నాకున్నది ఒక్కటే కాబట్టి కొంచెమే చెబుతాను. నూటెనిమిది స్ఫటిక స్తంభాలు. ప్రతి స్తంభంలోనూ ఒక్కో రంగు మంట ఆరకుండా వెలుగుతుంటుంది. మధ్యలో పన్నీరు పైకి చిమ్మే చిమ్మెన. పైన నెమలికంఠం రంగు పందిరి. నవరత్న సింహాసనం మీద చక్రవర్తి విజయకీర్తి కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు, మాట తప్పని వాడు. అయితే ఆ ఇచ్చేమాట ఎవరికి ఇస్తున్నాడో చూసుకోని వాడు. ఆయన ఎడమపక్క రుచి చూసే పెద్ద సోమిదేవుడు కూర్చున్నాడు. ఎనభై దాటిన ఆ ముసలాయన కళ్ళు ఎప్పుడో పోయాయి, నాలుక మాత్రం పోలేదు. మూడు పరీక్షలలో కెంపు తాగినవాడు ఆయనొక్కడే. కుడిపక్క కరాళశంఖుడు నిలబడ్డాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, మెడలో మనిషి పళ్ళ దండ, చేతిలో నల్లశంఖం.

వలలో చుట్టిన మాచనను తెచ్చి పడేశారు. కరాళశంఖుడు వాణ్ణి చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"కూజా జాడ లేదు, కొండవాడు దొరికాడు. ఇక పరీక్షెందుకు మహాప్రభూ? అయినా నా విద్య చూడండి," అని చిమ్మెన దగ్గరికి వెళ్ళి బంగారు గిన్నె నిండా నీళ్ళు పట్టాడు. నల్లశంఖం మూడుసార్లు ఊదాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి, చిక్కబడ్డాయి. గిన్నె సోమిదేవుడి చేతిలో పెట్టాడు.

ముసలాయన ఒక గుక్క తీసుకుని నాలుక మీద చాలాసేపు తిప్పాడు. "నేరేడుంది," అన్నాడు చివరికి. "మిరియముంది. పొగ ఉంది. వాన వాసన కూడా ఉంది. కరుకు లేదు. పట్టులాగా జారిపోతోంది. తప్పు పట్టడానికేమీ దొరకలేదు మహాప్రభూ."

కొలువంతా ఆహా అంది. చక్రవర్తి రాగిరేకు తెమ్మని సైగ చేశాడు.

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర, "ఉసిరికాయ ఊరగాయ! కారం సాల్లేదంటే వాపసు!" అని ఒక గొంతు వినబడింది. ద్వారపాలకులు ఈటెలు అడ్డం పెట్టారు. రేచమ ఆరో జాడీని దించి, కాలి కడియంతో ఒక్కటి కొట్టింది. ఉప్పుమన్ను పెళ్ళలుగా రాలిపోయింది. లోపల మసిబారిన కూజా, దాని మెడ మీద మైనపు మూత, మూత మీద పోలన బొటనవేలి ముద్ర కనబడ్డాయి. కెంపు కూజా తెచ్చినవాళ్ళను రాజభవనంలో ఎవడూ ఆపకూడదని రాగిరేకు మీదే ఉంది. ఈటెలు పక్కకు తప్పుకున్నాయి. రేచమ గాడిదతో సహా కొలువులోకి వచ్చింది.

"మధ్యాన్నం గంట ఇంగా కొట్టలేదు గదా సామీ?" అంది చక్రవర్తితో.

గంట అప్పుడే కొట్టారు.

కరాళశంఖుడి మొహం నల్లబడింది, మళ్ళీ వెంటనే తేటపడింది. "మంచిది. మూత తీసి ఇప్పుడే, ఈ క్షణమే తాగించండి," అన్నాడు. వాడికి కెంపు గుణం తెలుసు. పన్నెండేళ్ళు చీకట్లో మూసిపెట్టిన కెంపు మూత తీయగానే మొహం ముడుచుకుని ఉంటుంది. చేదు, కరుకు తప్ప ఏమీ బయటపెట్టదు. వెడల్పాటి మట్టిమూకుట్లో పోసి ఒక గడియసేపు గాలి తగలనివ్వాలి. కొండలో దాన్ని ఊపిరి పొయ్యడమంటారు. ఆ గడియసేపూ ఇంటి మనిషి ఒకడు మూకుడు పక్కన కాపు నిలబడతాడు.

"కాపు నిలబడతా!" అని వలలోంచి మాచన అరిచాడు. "మా కెంపు మూత తియ్యంగానే పరిగెత్తుకొచ్చి ఎవరికీ దండం పెట్టదు. దాన్ని కలుసుకోవల్లంటే చక్రవర్తయినా గడియసేపు కాసుకోవల్ల. కాపు హక్కు రేకు మీద ఉందో లేదో సూడండి!"

ఉంది. దాని కిందనే ఇంకొక వాక్యం కూడా ఉంది. కాపువాణ్ణి వలయం నుంచి బయటికి నెట్టడానికి ఎదుటివాడు ఒక్క యోధుణ్ణి పంపవచ్చు. కాపువాడి చేతిలో తన పనిముట్టు తప్ప వేరే ఆయుధం ఉండకూడదు. నెట్టబడితే కెంపును ఉన్నది ఉన్నట్టుగా తాగెయ్యాలి.

పదిమూరల వెడల్పున ముగ్గుతో వలయం గీశారు. మధ్యలో పీట, పీట మీద మూకుడు పెట్టారు. రేచమ మూత తీసి కెంపు పోసింది. నీళ్ళతొట్టిలో చిల్లుగిన్నె వదిలారు. అది నిండి మునిగితే గడియ అయినట్టు. మాచనను వల విప్పి వదిలారు. వాడి చేతిలో తీగలు కత్తిరించే వంకరకత్తి, జానెడుంటుంది.

కరాళశంఖుడు శంఖం ఊదాడు. పందిరి చిరిగింది. పైనుంచి గండభేరుండం దిగింది.

రెండు తలలు, ఒక్కో తల తలుపంత. ఒక్కో ముక్కు గునపమంత. రెక్క విదిలిస్తే స్తంభాలలోని మంటలు అటూ ఇటూ ఊగాయి. కుడితల ముందు దూకింది. మాచన పక్కకు దొర్లాడు, ముక్కు పాలరాతి నేలలో మూరెడు దిగింది. అది పీక్కునేలోగా ఎడమతల వాడి నడికట్టు పట్టుకుని గాల్లోకి విసిరింది. ముగ్గుగీత అవతల పడబోతూ వాడు వంకరకత్తిని రెక్క ఈకల్లో తగిలించాడు, ఊగాడు, వచ్చి మళ్ళీ వలయంలోనే పడ్డాడు. కొలువులో ఎవరో చప్పట్లు కొట్టి, వెంటనే భయపడి చేతులు కట్టుకున్నారు. రెక్కదెబ్బకు మాచన భుజం చిట్లింది. ఒక గోరు తొడను చీల్చింది. వాడు మాత్రం ప్రతిసారీ లేచి పీటకూ పక్షికీ మధ్యనే నిలబడ్డాడు. తన ఒంటి మీద రక్తం పడితే పడింది, మూకుట్లో ఒక్క దుమ్ముకణం పడకూడదు.

రేచమ మేనల్లుణ్ణి చూడడం లేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు. ఆమె కన్ను చిల్లుగిన్నె మీద ఉంది. గిన్నె మునగడం లేదు. సగం దాకా నిండి అక్కడే తేలుతోంది. ఎంతసేపు చూసినా అంతే. ఇంతలో ఆమె ముక్కుకు ఏదో తగిలింది. మూకుట్లోంచి నేరేడు వాసన లేచింది. తరువాత మిరియం. పన్నీటి చిమ్మెన వాసన దాని ముందు వెలవెలబోయింది. వెనకవరసలో కునికిపాట్లు పడుతున్న పండితులు కూడా ముక్కులెగరేశారు.

"గడియెప్పుడో అయిపోయింది!" అని రేచమ కేక వేసింది. "మా కెంపుకి నా ముక్కు తెలుసు, నా ముక్కుకి మా కెంపు తెలుసు. నీ గిన్నె దొంగదయ్యా చక్రవర్తీ!" అని తొట్టిలో చెయ్యి పెట్టి గిన్నెను తీసి, తిరగేసి, సింహాసనం ముందు చాచింది. చిల్లులో ఒక నల్లపురుగు కదలకుండా కూర్చుని ఉంది. దాని వీపు మీద నల్లశంఖం గుర్తు ఉంది.

విజయకీర్తి లేచి నిలబడ్డాడు. ఆయన మొహం చూడగానే కరాళశంఖుడు ఇక మర్యాదలు మానేసి, "చంపెయ్!" అని పక్షిని ఉసిగొల్పాడు. రెండు తలలూ ఒక్కసారే పైకి లేచాయి. అప్పుడు కనబడింది మాచనకు. రెండు మెడలూ చీలే చోట ఒక నల్లతాడు బిగించి ఉంది. దాని కింద మాంసం పుండై ఉంది. తీగ ఎక్కడ చీలుతుందో కోత అక్కడే పడాలని వాడికి నడక రాకముందే నేర్పారు. వాడు కిందికి వంగిన కుడిముక్కు మీద కాలు పెట్టి, మెడ వెంట పైకి పాకి, చీలిక దగ్గర వంకరకత్తిని తాడు కింద దూర్చి ఒక్క గుంజు గుంజాడు. తాడు తెగింది. పక్షి నిలువెల్లా వణికి, రెక్కలు ముడిచి, మాచన దిగడానికి వీలుగా రెండు తలలూ నేలకు ఆనించింది.

రేచమ మూకుట్లోని కెంపును ఒక గిన్నెలోకి వంచి సోమిదేవుడి చేతిలో పెట్టింది. ముసలాయన తాగాడు. మొదట మొహం చిట్లించాడు. తరువాత కదలకుండా కూర్చున్నాడు. మింగిన చాలాసేపటికి ఆయన వంగిన నడుమును మెల్లగా నిటారు చేసి తల పైకెత్తాడు. గుడ్డికళ్ళలోంచి నీళ్ళు కారాయి.

"మహాప్రభూ, నేను పొరబడ్డాను," అన్నాడు. "మాంత్రికుడి గిన్నెలో అన్ని రుచులూ ఉన్నాయి. కాని అది ఏ ఏడాదిదో చెప్పమంటే చెప్పలేను. దానికి ఏడాది లేదు, ఊరు లేదు, దాన్ని కన్నవాళ్ళు లేరు. ఇది చెబుతోంది. ఇది కరువునాటి కెంపు. ఆ ఏడు ఈ తీగ ఎంత దాహంతో ఎంత లోతుకు పోయిందో, చావనని ఎంత మొండికేసిందో నా నాలుకకు తెలుస్తోంది. దీనికి సాటి లేదు. నీళ్ళకు రంగు వెయ్యవచ్చు మహాప్రభూ, పౌరుషం వెయ్యలేం."

చక్రవర్తి గిన్నె తానే అందుకున్నాడు. తాగాడు, ముక్కు చిట్లించాడు, దించబోయాడు, ఆగాడు. ఆయన తల ఆయనకు తెలియకుండానే పైకి లేచింది. వెంటనే రాగిరేకు అందుకుని, ఉంగరం తీసి దాని మీద లక్కముద్ర వేశాడు. మాచన కళ్ళు తుడుచుకుంటే రక్తమూ కన్నీళ్ళూ కలిసి వచ్చాయి. వాడికి తాత గుర్తొచ్చాడు. ఆ కొలువులో అంతటి గర్వం అంతకుముందు ఎవరికీ కలిగి ఉండదు.

"ముద్ర వేసుకో!" అని కరాళశంఖుడు స్తంభం మీదికి ఎగిరి వికటంగా నవ్వాడు. "తీగ లేకపోతే కెంపెక్కడిది? కెంపు లేకపోతే నీ రేకెక్కడిది? పొద్దు వాలేలోగా కొండ మీద ఒక్క ఆకు మిగల్చను!" అని శంఖాన్ని నేలకేసి కొట్టాడు. శంఖమూ వాడూ కలిసి లక్షల మిడతలై, చిరిగిన పందిరిలోంచి నల్లమేఘంలా లేచి తూర్పుకు సాగిపోయాయి.

కొలువు గొల్లుమంది. విజయకీర్తి కత్తి దూశాడు. "నా రెక్కల గుర్రాల దళం వెయ్యిమంది. అగ్నిబాణాలున్నవాళ్ళు. ఇప్పుడే బయలుదేరితే ఆ మేఘంతోపాటే కొండ చేరతారు. ఊ అను మాచనా, నీ తోటలు నేను కాపాడతాను!"

మాచన తూర్పుకు చూశాడు. కొండ మీద ఉన్నది ఎనిమిది వందల మంది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు అంతా కలిపి. వాళ్ళ చేతుల్లో ఉన్నవి తీగలు కోసే కత్తులే. వెయ్యి అగ్నిబాణాలు. ఒక్క మాట అంటే చాలు. ఇంకా ఆరని ఆ ముద్ర వంక చూశాడు.

"రేకు మీద ఏముందో ఇప్పుడే గదా మహారాజా సదివినాము," అన్నాడు. "రత్నకూటం సైనికుడు మా కొండ మీద అడుగు పెట్టకూడదు. కొట్టను వచ్చినా అంతే, కాపాడను వచ్చినా అంతే. ఈ పొద్దు కాపాడిపోయినోళ్ళు రేపు ఆ దావ మర్సిపోరు. నీ గుర్రాలను సాలల్లోనే ఉండనియ్యి."

చక్రవర్తి మొహం ఎర్రబడింది. తరువాత ఆయన కత్తిని ఒరలో పెట్టాడు, ఆ కుర్రవాడికి, తన జన్మలో మొదటిసారి, తానే ముందుగా తల వంచాడు.

రేచమ నోరు తెరిచింది. తిడుతుందని మాచన భుజాలు ముడుచుకున్నాడు.

"నా అన్న కొడుకు!" అని ఆమె కొలువు దద్దరిల్లేలా అరిచింది. "నా మేనల్లుడు! అందరూ సూడండి బాగా! ఇంగ నిలబడి ఏం జేస్తావురా, పో!"

మాచన గండభేరుండం మెడల చీలికలోకి ఎగిరి కూర్చున్నాడు. పక్షి రెండు గొంతులతోనూ కూసి, చిరిగిన పందిరి దాటి మింటికి లేచింది. కింద కోట, కందకం, వజ్రనది చూస్తుండగానే చిన్నవైపోయాయి. ఎదురుగా ఎర్రగా కుంకుమకొండ కనబడింది. దాని మీదికి సగం ఆకాశమంత వెడల్పున మిడతల మేఘం దిగుతోంది. గాలి ఈవలికి మళ్ళినప్పుడు కొండ మీంచి కొమ్ముల మోత వినబడింది. తోటల ముందు, గట్టు మీద, తీగ తీగకీ ఒక మనిషి చొప్పున తన వాళ్ళు వరుసగా కాపు నిలబడి ఉన్నారు. వాళ్ళ తలలు పైకెత్తి ఉన్నాయి. మాచన వంకరకత్తిని పళ్ళ మధ్య కరుచుకుని, పక్షి మెడలను రెండు చేతులా వాటేసుకుని, దాన్ని ఆ మేఘం మధ్యలోకి దూకించాడు.